ఇరవై చోట్లా ఒకే సీసం: ఈ సంఖ్యను నమ్మి పరిశోధనలోకి వెళ్లవచ్చా?

వంశధార_గుణుపురం

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఆంగ్లం చదువుకుంటూ వచ్చాను కనుక నా రాతలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించగలరు. ఈ ఏడాది విశ్లేషణ రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశాను, నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి కూడా వచ్చింది. నీటిలోనూ ఆహారంలోనూ అతి స్వల్పంగా ఉండే భారలోహాలను కనిపెట్టే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేయాలని నాకు చాలా రోజులుగా కోరిక. మా నాన్నగారు మాత్రం విశాఖపట్నంలో ఏదైనా మందుల కంపెనీలో చేరితే మేలని అంటున్నారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకుందామని కూర్చుంటే, ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో జరిగిన ఒక సంగతి అడ్డుపడుతోంది. అనుభవం ఉన్నవారిని అడుగుదామని రాస్తున్నాను.

గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో పద్నాలుగు నేలబావులు, ఆరు బోరింగుల నుంచి నీళ్లు తెచ్చి అందులో సీసం ఎంత ఉందో చూడడం నా ప్రాజెక్టు. మా విభాగంలో ఉన్నది మంటతో పనిచేసే అటామిక్ అబ్జార్ప్షన్ పరికరం ఒక్కటే, మంటలోని లోహం ఎంత కాంతిని పీల్చిందో చూసి దాని మోతాదు చెబుతుంది. అంత తక్కువ సీసం దానికి నేరుగా అందదు కనుక, ప్రతి నమూనా నుంచి 250 మిల్లీలీటర్లు బీకరులో తీసుకుని, 5 మిల్లీలీటర్ల నత్రికామ్లం కలిపి, హాట్ ప్లేట్ మీద 25 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరిగించి, పది రెట్లు చిక్కబడ్డ ఆ ద్రావణాన్ని కొలిచాను. ఇరవై చోట్లా లీటరుకు 18 నుంచి 23 మైక్రోగ్రాముల మధ్యనే వచ్చింది. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం ఒప్పుకునే సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములే. ఫలితం బాగుందని మా గైడుగారు అన్నారు, నివేదిక ఇచ్చేశాను, మంచి మార్కులే వచ్చాయి.

అయితే ఆ ఇరవైలో ఒకటి మాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ పెరటిబావి. ఏమొచ్చిందమ్మా అని ఆవిడ అడిగితే, సీసం ఉందని, ఉండవలసిన దానికి రెండింతలు ఉందని చెప్పేశాను. ఆనాటి నుంచి ఆవిడ ఆ బావినీళ్లను ఇంట్లో ఎవరినీ నోట్లో పోసుకోనివ్వడం లేదు. అరవై దాటిన మనిషి, తెల్లవారుజామునే బిందె పట్టుకుని ఊరి చివర బోరింగుకు వెళ్లి వస్తున్నారు. ఆ బోరింగు కూడా నా ఇరవైలో ఉందని, దాని సంఖ్య కూడా అంతేనని ఆవిడకు చెప్పినా, బోరింగు నీళ్లు లోతు నుంచి వస్తాయి కదా అని వినలేదు.

మొన్న నివేదిక మళ్లీ తిరగేస్తుంటే తెలిసింది, నేను అసలు బ్లాంక్, అంటే నమూనా లేకుండా చేసే ఉత్త పరీక్ష, నడపలేదు. పరికరాన్ని సున్నాకు తేవడానికి స్వేదనజలం వాడాను గాని, అదే స్వేదనజలాన్ని అదే ఆమ్లంతో, అలాంటి బీకరులోనే, అదే హాట్ ప్లేట్ మీద మరిగించి కొలవలేదు. ఇప్పుడు ఈ సంఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చు? పెద్దమ్మకు ఏమని చెప్పాలి? ఇంత మొదటి మెట్టులోనే తప్పటడుగు వేసిన నేను ఈ రంగంలోకి రావచ్చునా?

ఋషికుల్య_బరంపురం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను బరంపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పనే చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ మూడు ప్రశ్నల్లో చివరిదానికి నా జవాబు నిస్సందేహంగా రావచ్చుననే. బ్లాంక్ లేదని పరీక్షకులు గుర్తించలేదు, గైడు గుర్తించలేదు, మార్కులు వచ్చాక కూడా మీరు వెనక్కి వెళ్లి గుర్తించారు. ఈ రంగంలో మనిషికి కావలసిన మొదటి గుణం అది, మిగిలినవన్నీ నేర్పితే వస్తాయి.

ఇక సంఖ్యల సంగతి. లీటరుకు 20 మైక్రోగ్రాములు ఉండడం అసాధ్యమేమీ కాదు. కాని ఇరవై చోట్లా అంతే రావడం దగ్గర నేను ఆగిపోయాను. నేలబావి నీరు పైపొరల మట్టిలోంచి ఊరుతుంది, బోరింగు నీరు ఎంతో లోతున రాతి పగుళ్లలోంచి వస్తుంది. ఒకచోట పక్కనే పొలం ఉంటుంది, మరొకచోట పశువులశాల ఉంటుంది. అన్నిచోట్లా సీసం మాత్రం ఒక్క కొలతగా ఉండాలంటే నేల అలా ఉండదమ్మా. ఊరూరికీ మారనిది ఒక్కటే, మీ ప్రయోగశాల. ఆ బీకర్లు, ఆ ఆమ్లం సీసా, ఆ హాట్ ప్లేట్, ఆ గదిలో గాలి, ఇవి ఇరవై నమూనాలకూ సమంగా తగిలాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. మీరు పోసిన 5 మిల్లీలీటర్ల ఆమ్లంలో, మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున సీసం ఉందనుకుందాం. అంటే మొత్తం 5 మైక్రోగ్రాములు. అది 250 మిల్లీలీటర్ల నీటి ఖాతాలో పడితే లీటరుకు సరిగ్గా 20 మైక్రోగ్రాములు అవుతుంది. బావిలో ఒక్క అణువు సీసం లేకపోయినా మీకు ఈ సంఖ్యే వచ్చేది. మీ ఆమ్లం అంత మలినంగా ఉందని నేను అనడం లేదు. సీసా మీది చీటీలో సీసం గరిష్ఠంగా ఎంతని అచ్చు వేశారో ముందు చూడండి. దానికి తోడు గంటల తరబడి మూతలేని బీకరులో నీళ్లు మరిగాయి, హాట్ ప్లేట్ ఉండే పొగగూడు లోపలి పాత రంగు పెచ్చులు లేస్తూ ఉంటే ఆ పొడి ఎక్కడికి పోతుంది? గాజు బీకర్లను సబ్బుతో కడిగారా, పది శాతం నత్రికామ్లంలో ఒక రాత్రంతా నానబెట్టారా అన్నది కూడా ముఖ్యమే.

ఇంకొక సంగతి కూడా ఉంది. సీసం పీల్చే 217 నానోమీటర్ల కాంతి దగ్గర, పది రెట్లు చిక్కబడ్డ మీ ద్రావణం ఇచ్చే అబ్జార్బెన్స్, అంటే కాంతిని ఎంత పీల్చిందో చెప్పే అంకె, 0.01 చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది. మీ నోటుబుక్కు తీసి చూడండి, అన్నీ 0.008, 0.009, 0.010 అని ఉంటాయనుకుంటున్నాను. మంట కొంచెం రెపరెపలాడినా అంత తేడా వస్తుంది. పైగా నీటితోపాటు కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా పది రెట్లు చిక్కబడతాయి, ఆ తరంగదైర్ఘ్యం దగ్గర అవి కాంతిని చెదరగొడితే పరికరం దాన్నే సీసంగా చూపిస్తుంది. అలా చెదిరిన కాంతి లెక్కను, అంటే నేపథ్యాన్ని, డ్యుటీరియం దీపంతో తీసివేశారో లేదో మీరు రాయలేదు. అయితే నీటి కాఠిన్యం బావిబావికీ మారుతుంది కనుక ఈ ఒక్క కారణమే అయితే మీ సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండవు. నా మొదటి అనుమానం బ్లాంక్ మీదనే.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే అనుకోకండి, మన శాస్త్రం పెరిగిందే ఈ పొరపాటును పట్టుకోవడం ద్వారా. ఉల్కలోని సీసం ఐసోటోపుల నుంచి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని 1956లో తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్, ఆ పని మొదలుపెట్టినప్పుడు తన రాళ్లలో ఉన్నదాని కన్నా గదిలోంచి, ఆమ్లాల్లోంచి, మనుషుల ఒంటి మీంచి వచ్చి చేరే సీసమే ఎక్కువని గమనించాడు. దుమ్ము రాని గదిని కట్టుకుని, ఆమ్లాలను తానే శుద్ధి చేసుకున్నాక గాని అతని సంఖ్య నిలబడలేదు. ఆ తర్వాత 1980లో, తాజా ట్యూనా చేప మాంసంలో అతను కొలిచిన సీసం అప్పటికి అచ్చయి ఉన్న విలువలో వెయ్యో వంతు కూడా లేదు. అంతకుముందు కొలిచినవాళ్లు కూడా చదువుకున్నవాళ్లే, పరికరాలు పనిచేస్తున్నవే. వాళ్లు కొలిచిన సీసంలో చాలావరకు చేపది కాదు, ప్రయోగశాలది.

నాకు ఈ పాఠం నేర్పింది పాదరసం. గంజాం పట్టణం పక్కన ఋషికుల్య సముద్రంలో కలిసేచోట, పాదరసపు ఘటాలతో క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే కర్మాగారం ఒకటి ఉండేది. ఆ వ్యర్థాల్లోని పాదరసం మడ్డిలోకి, మొక్కల్లోకి, చేపల్లోకి ఎలా చేరుతోందో 1980ల నుంచి బరంపురం విశ్వవిద్యాలయంలో చాలామంది అధ్యయనం చేశారు. కుర్రవాడిగా నేను కూడా ఆ ముఖద్వారానికి సీసాలు పట్టుకుని వెళ్లేవాడిని. జాలర్లు వల లాగుతుంటే మోకాలి లోతు బురదలో నిలబడి, నీళ్లు పట్టుకుని, సీసాలను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడిని. మా పద్ధతి శీతల బాష్ప పద్ధతి. నమూనాలోని పాదరసాన్ని స్టానస్ క్లోరైడుతో లోహంగా మార్చితే అది వేడి చేయనక్కరలేకుండానే ఆవిరై లేస్తుంది, ఆ ఆవిరిని గాలితో గొట్టంలోకి పంపి 253.7 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చిందో చూస్తాము. తెలిసిన మోతాదు పాదరసంతో సోమవారం కలిపిన స్టాండర్డు ద్రావణం శుక్రవారానికి సగం చూపించేది. పరికరం చెడిందనుకుని దీపం మార్చాను, గొట్టాలు మార్చాను. చివరకు తెలిసిందేమంటే, నేను వాడుతున్న పాలిథీన్ సీసా గోడలు పాదరసాన్ని పట్టుకుంటున్నాయి, కొంత ఆ గోడల్లోంచే బయటికి పోతోంది. గాజు సీసాలోకి మార్చి, నత్రికామ్లంతో పాటు కొంచెం పొటాషియం డైక్రోమేట్ కలిపాక స్టాండర్డు వారమంతా నిలబడింది. అప్పటిదాకా ముఖద్వారం నీళ్లలో పాదరసం తక్కువగానే ఉందని రాసిపెట్టుకున్న నా పుస్తకంలోని నాలుగు నెలల పేజీలను అడ్డంగా కొట్టేశాను. మీది లేనిదాన్ని ఉన్నట్టు చూపిన తప్పు, నాది ఉన్నదాన్ని లేనట్టు చూపిన తప్పు. రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు, ఎవరూ మళ్లీ కొలవమని అడగరు.

ఆ తర్వాత మరొకసారి ప్రతి నమూనాలోనూ కొద్దిగా కాడ్మియం కనిపిస్తుంటే, అది పసుపు రంగు పిపెట్ టిప్పుల్లోంచి దిగుతోందని కనిపెట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది. రంగులేని టిప్పులు తెప్పించాక పోయింది.

మీరు మళ్లీ కొలవండి. ముందు పాత పద్ధతిలోనే, పాత ఆమ్లంతోనే, మూడు బ్లాంకులు మరిగించండి. ఆ మూడూ 20 దగ్గరకు వస్తే మీ మొదటి ప్రశ్న అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ తర్వాత కొత్త నమూనాలు తెచ్చి, మరిగించి చిక్కబరిచే పని లేకుండా, మంటకు బదులు చిన్న గ్రాఫైట్ గొట్టాన్ని వేడెక్కించే గ్రాఫైట్ ఫర్నేస్ మీద నేరుగా కొలవాలి. అందులో 20 మైక్రోలీటర్ల బొట్టు చాలు, ముందు ఆరబెట్టి, తర్వాత లవణాలను కాల్చివేసి, ఆఖరున ఒక్కసారిగా వేడెక్కించి సీసాన్ని ఆవిరి చేస్తారు, లీటరుకు 1 మైక్రోగ్రాము దాకా ధైర్యంగా చెప్పవచ్చు. సగం నమూనాల్లో తెలిసిన మోతాదు సీసం మీరే కలిపి, కలిపినంతా తిరిగి కనిపిస్తోందో లేదో చూడండి. సీసం ఎంతుందో ముందే ధ్రువీకరించిన ప్రామాణిక నీరు ఒక సీసా మధ్యమధ్యలో నడపండి. బరంపురంలో ఆ పరికరం ఉన్న ఒక ప్రయోగశాలలో నా పాత విద్యార్థులు ఉన్నారు, నాకు విడిగా సందేశం పంపితే మాట్లాడి పెడతాను.

పెద్దమ్మగారి దగ్గరకు మాత్రం కొత్త ఫలితం వచ్చేదాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి. నా కొలత మీద నాకే అనుమానం వచ్చింది, మళ్లీ కొలుస్తున్నాను, రెండు నెలల్లోపు ఖాయంగా చెబుతాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బావి మంచిదని ఇప్పుడే అనకండి, అది కూడా తెలియని మాటే.

రాయగడ_నీటిపరీక్ష

మాస్టారు చెప్పినదాని తర్వాత ప్రయోగశాల లోపలి పని గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. జిల్లా నీటి పరీక్ష ప్రయోగశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను కనుక బయటి పని గురించి, అంటే సీసాలోకి నీళ్లు పడే క్షణం గురించి నాలుగు మాటలు రాస్తాను.

చెల్లెమ్మా, మీరు ఆరు బోరింగుల నుంచి నీళ్లు పట్టామన్నారు. ఎన్నిసార్లు కొట్టాక పట్టారు? తెల్లవారి మొదటి నీళ్లా, జనం వాడుతుండగా మధ్యాహ్నం పట్టినవా? మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నవి ఇండియా మార్క్-2 బోరింగులు. వాటి పైభాగం ఇనుమే అయినా, కింద నీటిలో మునిగి ఉండే సిలిండరుకు లోపల ఇత్తడి తొడుగు ఉంటుంది, అందులో పైకీ కిందికీ ఆడే ప్లంజరు భాగాలు కూడా ఇత్తడి, కంచు మిశ్రమాలతో చేసినవి ఉంటాయి. ఆ మిశ్రమాలను తేలికగా తరిమెన పట్టడానికి సీసం కలుపుతారు. రాత్రంతా కదలకుండా నిలిచిన నీటిలోకి, ముఖ్యంగా నీటికి కొంచెం పులుపు గుణం ఉంటే, ఆ సీసం దిగుతుంది. అందుకే నేను ప్రతి బోరింగు దగ్గర రెండు సీసాలు పడతాను, ఎవరూ ముట్టకముందు వచ్చే మొదటి నీళ్లు ఒకటి, యాభై అరవై సార్లు కొట్టిన తర్వాతి నీళ్లు ఒకటి. రెండింటికీ తేడా ఉంటే ఆ లోహం నేలది కాదు, పంపుది.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టిన వాక్యం ఒకటుంది. మీ పెద్దమ్మగారు తెల్లవారుజామునే బోరింగుకు వెళ్తున్నారని రాశారు. అందరికన్నా ముందు వెళ్తే ఆవిడ బిందెలో పడేవి రాత్రంతా పంపులో నిలిచిన నీళ్లే. భయపెట్టాలని కాదు, మళ్లీ కొలిచేటప్పుడు ఆ బోరింగును మొదట కొలవండి. ఈలోగా, మొదటి రెండు బిందెలు పాదుకు పోసి ఆ తర్వాతి నీళ్లు పట్టుకోమని ఆవిడకు చెప్పండి. ఇందులో ఏ నష్టమూ లేదు.

సీసాల విషయంలో నేను పాటించేది ఒక్కటే. ఇద్దరం వెళ్తాం. ఒకరు పంపు కొడతారు, బ్యాగు తెరుస్తారు, రాసుకుంటారు. రెండోవారు సీసాను తప్ప దేన్నీ తాకరు. చేతులకు పొడి లేని తొడుగులు ఉండాలి, పొడి ఉన్న తొడుగుల్లోంచి జింకు దిగుతుంది. పండగ రోజున వెళ్తే ఆ ఇంటి ఆడవాళ్లు ఆదరంతో బొట్టు పెడతారు, అదే చేత్తో మూత తీయకూడదు, మార్కెట్లో అమ్మే కుంకుమ, సిందూరాల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది. వాళ్లను నొప్పించకుండా పని అయ్యాక పెట్టించుకుంటాను. ఒక సీసాలో ఇక్కడి నుంచి తీసుకెళ్లిన శుద్ధజలాన్నే ఊళ్లో మూత తీసి, కాసేపు ఉంచి, మూత పెట్టి వెనక్కి తెస్తాను. అది దారిలో ఏం చేరిందో చెబుతుంది.

ఫలితాన్ని జనానికి ఎప్పుడు చెప్పాలన్నది నాకు ఇప్పటికీ బరువైన ప్రశ్నే. సవర గూడేల్లోకి వెళ్తే వాళ్లు అడిగేది మైక్రోగ్రాములు కాదు, ఈ నీళ్లు పిల్లలకు పట్టవచ్చా అని. నేను పరిమితి దాటిన ప్రతి ఫలితాన్నీ మరొక రోజు, మరొక సీసాలో మళ్లీ కొలిచాకే చెబుతాను. దాచడం మాత్రం ఎన్నడూ చేయను. మనకు ఆనుకుని, సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మీకు తెలుసు. ఆ జబ్బుకు కారణం నీళ్లలోని భారలోహాలేనని చాలామంది నమ్ముతారు, కాని కారణం ఇంకా తేలలేదు. అలాంటిచోట బ్లాంక్ లేని ఒక సంఖ్యను ఎవరైనా పత్రికకు ఇస్తే, మనుషుల భయం ఒకవైపుకు, వెతుకులాట ఒకవైపుకు వెళ్లిపోతుంది, అసలు కారణం చీకట్లోనే ఉండిపోతుంది. మీరు పత్రికకు ఇవ్వకుండా ఇక్కడ అడిగినందుకు సంతోషం.

విశాఖ_క్యూసీ

నమస్కారం. మాది పర్లాకిమిడి. పదేళ్లుగా విశాఖపట్నంలో మందుల తయారీ సంస్థలో నాణ్యత విభాగంలో, భారలోహాల పరీక్షల మీదనే పనిచేస్తున్నాను. మీ నాన్నగారి మాటను, మీ కోరికను రెండు వేర్వేరు దారులుగా చూస్తున్నారు, అందుకని రాస్తున్నాను.

మందుల్లో భారలోహాలను చూడడానికి వంద ఏళ్ల పాటు వాడిన పద్ధతి చాలా సాదాది. మందును కాల్చి, బూడిదను కరిగించి, సల్ఫైడు చేర్చి, వచ్చిన ముదురు రంగును సీసం స్టాండర్డు రంగుతో కంటితో పోల్చేవారు. కాల్చేటప్పుడే పాదరసం వంటివి ఎగిరిపోయేవి, మిగిలినవి ఏ లోహమో విడిగా తెలిసేది కాదు. అంతర్జాతీయంగా ఐసీహెచ్ క్యూ3డీ అనే మార్గదర్శకం 2014 చివర వచ్చింది, అమెరికా మందుల ప్రమాణ గ్రంథమైన ఫార్మకోపియా 2018 జనవరి నుంచి పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది. నోటి ద్వారా తీసుకునే మందులో రోజు మొత్తానికి సీసం 5 మైక్రోగ్రాములు, కాడ్మియం 5, ఆర్సెనిక్ 15, పాదరసం 30 మించకూడదని లోహం లోహానికీ విడిగా పరిమితి ఉంది. దానితో, లోహాలను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ పరికరం తెలిసినవారికి గిరాకీ పెరిగింది. కనుక మీరు పీహెచ్‌డీలో నేర్చుకునేదే ఇక్కడ మాకు కావలసింది. పీహెచ్‌డీ చేసి ఇటు రావచ్చు. ఇటు వచ్చాక అటు వెళ్లడం మాత్రం కష్టం, అది నా సొంత అనుభవం. ఉద్యోగంలో పద్ధతి స్థిరపడ్డాక రోజూ అదే నడపాలి, ఎందుకు ఇలా వచ్చిందని వారం రోజులు వెతికే తీరిక దొరకదు. మీరు రాసిన ప్రశ్న చూస్తే మీకు ఆ వెతుకులాటే ఇష్టమని తోస్తోంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మాలాంటి చోట చేరే ఎం.ఎస్సీ. కుర్రవాళ్లకు మొదట్లో అంత రాదు. చదువుకు దూరం పోకుండానే బరంపురంలో విశ్వవిద్యాలయం ఉంది, 2016లో మొదలైన కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్ ఉంది, భువనేశ్వర్‌లో ఖనిజాల పరిశోధన చేసే ఐఎంఎంటీ ఉంది, హైదరాబాదులో భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది. హైదరాబాదులోనే భాభా అణు పరిశోధన కేంద్రానికి (బార్క్) చెందిన పదార్థాల సంఘటన జాతీయ కేంద్రంలో దుమ్ము రాని అతిశుద్ధ ప్రయోగశాల ఉంది, ఒక్కసారైనా దాన్ని చూసి రండి. యూపీఎస్సీ నడిపే భూవిజ్ఞాన సర్వీసు పరీక్షలో జియలాజికల్ సర్వేలో రసాయనవేత్త పోస్టులు, కేంద్ర భూగర్భ జల మండలిలో రసాయన విభాగం పోస్టులు కూడా ఉంటాయి, ఎం.ఎస్సీ.తోనే రాయవచ్చు.

అంశం ఎంచుకునేటప్పుడు ఒక సలహా. ఎంత లోహం ఉందన్న ప్రశ్నకు పరికరాలు ఇప్పుడు బాగానే జవాబు చెబుతున్నాయి. ఏ రూపంలో ఉందన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. చిలికా రొయ్యలో మొత్తం ఆర్సెనిక్ చూస్తే భయం వేయవచ్చు, కాని సముద్రజీవుల్లో అది ఎక్కువగా ఆర్సెనోబీటైన్ రూపంలో ఉంటుంది, దానితో హాని లేదు. బియ్యంలో అంతకన్నా తక్కువ ఉన్నా, అకర్బన రూపంలో ఉంటే అది హానికరం. క్రోమియం మూడు, క్రోమియం ఆరు అనే రెండు రూపాల సంగతి కూడా అంతే. పైగా ముఖద్వారాల ఉప్పునీటిలో ఐసీపీ-ఎంఎస్ వాడితే ఆర్గాన్, క్లోరిన్ కలిసి 75 ద్రవ్యరాశితో ఆర్సెనిక్ వేషంలో కనిపిస్తాయి, పరికరం లోపల హీలియం నింపిన చిన్న అరలోంచి పంపి వాటిని వడగట్టాలి. మన తీరంలో పెరిగినవారికి ఆ ఉప్పునీళ్లు, ఆ రొయ్యలు చేతికి అందే దూరంలో ఉన్నాయి. ఒకటి మాత్రం ముందే అడిగి చేరండి, ఆ విభాగంలో ఆర్గాన్‌కు డబ్బు ఉందా అని. నిమిషానికి పదిహేను లీటర్ల పైన తాగే యంత్రం అది, ఒక సిలిండరు ఏడెనిమిది గంటలకు అయిపోతుంది. పరికరం ఉండి ఆర్గాన్ లేక ఏడాది పోగొట్టుకున్నవాళ్లను ఎరుగుదును.

వంశధార_గుణుపురం (ఏడు వారాల తర్వాత)

పెద్దలందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, చెప్పుకోదగ్గ ఫలితం చేతికి వచ్చాకే రాయాలనుకున్నాను.

మాస్టారు చెప్పినట్టు ముందు పాత ఆమ్లంతో, పాత పద్ధతిలో మూడు బ్లాంకులు మరిగించాను. 17, 19, 18 వచ్చాయి. నోటుబుక్కులో అబ్జార్బెన్సులు కూడా మీరు ఊహించినట్టే 0.008 నుంచి 0.010 దాకా ఉన్నాయి. డ్యుటీరియం దీపం వెలిగించలేదని కూడా తెలిసింది. ఆ మూడు అంకెలు చూసిన రోజు అన్నం సహించలేదు.

తర్వాత మా తమ్ముణ్ణి వెంట పెట్టుకుని, వాడు పంపు కొడుతుంటే నేను సీసా మాత్రమే పట్టుకుని, ఇరవై చోట్లా మళ్లీ తిరిగాను. బోరింగుల దగ్గర అక్క చెప్పినట్టు రెండేసి సీసాలు పట్టాను. బరంపురంలో మాస్టారి విద్యార్థుల దగ్గర వారం రోజులు ఉండి గ్రాఫైట్ ఫర్నేస్ మీద కొలిచాను. అక్కడి శుద్ధమైన ఆమ్లంతో బ్లాంక్ లీటరుకు 0.2 మైక్రోగ్రాములకు దిగింది, కలిపిన సీసంలో 94 నుంచి 103 శాతం తిరిగి వచ్చింది. పద్నాలుగు నేలబావుల్లో పదమూడు 1 మైక్రోగ్రాముకు లోపే ఉన్నాయి, ఒకటి 1.4. నాలుగు బోరింగుల్లో మొదటి నీళ్లు కూడా 3 దాటలేదు. మిగిలిన రెండింట్లో మొదటి నీళ్లు 12, 16 వచ్చాయి, అరవై సార్లు కొట్టాక రెండూ 2 దగ్గరకు దిగాయి. మరొక తెల్లవారుజామున వెళ్లి ఆ రెండింటినీ మళ్లీ పట్టాను, 11, 17 వచ్చాయి.

ఆ రెండింటిలో ఎక్కువ ఉన్నది పెద్దమ్మ వెళ్తున్న బోరింగే. అక్కా, మీరు ఆ వాక్యం దగ్గర ఆగకపోయి ఉంటే నేను మొదటి నీళ్లు పట్టేదాన్నే కాదు. ప్లంజరు మార్చమని రెండు ఫలితాలూ జతచేసి పంచాయతీలో అర్జీ ఇచ్చాము, మార్చేదాకా మొదటి నీళ్లు వదిలేయమని ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాము. సవర ఇళ్లలో మా తమ్ముడి స్నేహితుడు వాళ్ల భాషలో చెప్పాడు.

కొత్త సంఖ్యలు, పాత సంఖ్యలు, మూడు బ్లాంకులు అన్నీ చేర్చి మా విభాగానికి ఒక సవరణ పత్రం ఇచ్చాను. జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను, విశాఖ అన్నగారు చెప్పినట్టు రొయ్యల్లో, బియ్యంలో ఆర్సెనిక్ రూపాల మీద పనిచేస్తానని రాశాను. ఆర్గాన్ గురించి అడిగాను, ఉందన్నారు. నాన్నగారు ఐదేళ్లా అని ఒకసారి అని, ఆ తర్వాత ఏమీ అనలేదు.

పెద్దమ్మ దగ్గరకు మొదటిసారి మాస్టారు చెప్పిన వారంలోనే వెళ్లాను, రెండోసారి ఫలితంతో వెళ్లాను. బావి దగ్గర గిలక మీద తాడు ఎండిపోయి ఉంది. నేను చెప్పినదంతా విని, అయితే ఇన్నాళ్లూ నువ్వు చూసిన ఆ సీసం ఎక్కడిదే అని అడిగారు. మా ఆమ్లం సీసాలోది పెద్దమ్మా అన్నాను. ఆవిడ బిందె కడిగి బావిలోకి చేద వేశారు.